మత్తు చుక్కలు వేస్తే రెప్ప మరిచిపోతుంది

పోయిన యాసంగిలో మా ఊరి వడ్ల కొనుగోలు కేంద్రంలో నా కుడి కంట్లో నలక పడింది. కేంద్రం నడిపేది మా మహిళా సంఘమే, రైతు పేరు, సంచుల లెక్క, తేమ శాతం ట్యాబ్‌లో ఎక్కించే పని నాది. పది అడుగుల దూరంలో తాలు ఎగరగొట్టే మిషన్ నడుస్తోంది, ఒక్కసారి గాలి మా వైపు తిరిగింది, కళ్లు మూసుకునేలోపే ఏదో సూదిలా దిగింది. వడ్ల నూగు ఒంటికి తగిలితేనే దురద ఆగదు, అది కంట్లో పడితే ఎలా ఉంటుందో సాగర్ ఎడమ కాల్వ కింద పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

అమ్మ అలవాటు ప్రకారం కొంగు ఉండ చుట్టి, నోటి ఆవిరి పట్టి, కంటి మీద అద్దింది. చల్లటి నీళ్లు కొట్టాం. మా చిన్నప్పుడైతే నాలుకతో నలక తీసే అవ్వ ఒకామె ఉండేది, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు, ఆమె పోయి చాన్నాళ్లైంది. రాత్రంతా నిద్ర లేదు. రెప్ప వేసిన ప్రతిసారీ లోపల గీరుకుపోతోంది, వేయకుండా ఉందామంటే ఆగదు, మామూలు కంటే ఇంకా ఎక్కువ కొట్టుకుంటోంది. నీళ్లు కారి దిండు తడిసింది. ఆ రాత్రి నాకు నా రెప్ప మీదే కోపం వచ్చింది.

తెల్లారి తమ్ముడు బండి మీద హాలియా దాకా, అక్కడినుంచి బస్సులో నల్లగొండ. కంటి డాక్టరు ముందు కూర్చునేసరికి కుడి కన్ను తెరవడమే కావట్లేదు. ఆయన రెప్ప పైకి పట్టుకుని ఒక్క చుక్క వేశారు. మొదట మంట, నాలుగైదు సెకన్లు గట్టిగానే మండింది. ఆ తర్వాత జరిగింది మాటల్లో చెప్పడం కష్టం. నొప్పి తగ్గిపోవడం కాదు, అసలు అక్కడ కన్ను ఉందన్న సంగతే తెలియకుండా పోయింది. పన్ను పీకేముందు చిగురు మొద్దుబారినట్టు అనుకోవచ్చు, కానీ చిగురుకు బరువు తెలుస్తుంది, ఇక్కడ అది కూడా లేదు. రాత్రంతా గుచ్చిన ముల్లు ఇంకా అక్కడే ఉంది, నాకు మాత్రం తెలియడం లేదు.

గడ్డం స్టాండు మీద పెట్టించి, నుదురు పట్టీకి ఆనించి, పసుపు రంగు కాగితపు ముక్క కంటి అంచుకు తాకించారు. నీలం లైటు వేస్తే గాయమైన చోటు ఆకుపచ్చగా మెరుస్తుందట. పై రెప్పను తిప్పి చూశారు, కింద ఏమీ లేదు, నల్లగుడ్డు మీదే ఉంది. "ఎదురుగా నా చెవి దిక్కు చూడమ్మా, రెప్ప కొట్టకు" అన్నారు. సన్నటి సూది నా కంటి వైపు వస్తోంది, నాకు కనిపిస్తూనే ఉంది, మామూలుగా అయితే తల వెనక్కి లాగేసుకునేదాన్ని. కానీ రెప్ప కొట్టకుండా ఉండటం నాకు ఏమాత్రం కష్టం కాలేదు. సూది మొన నల్లగుడ్డుకు తగిలినప్పుడు వెలుగు కాస్త కదిలినట్టైంది తప్ప తగిలిన స్పర్శే లేదు. పొట్టు ముక్క దూది మీద పెట్టి చూపించారు. ఆవగింజలో సగం కూడా లేదు.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి సిస్టర్ రెండుసార్లు చెప్పింది, "మత్తు దిగేదాకా కన్ను రుద్దుకోకు అక్కా, గీసుకున్నా నీకు తెల్వదు" అని. ఇరవై నిమిషాలకు కంట్లో ప్రాణం మళ్లీ మెల్లగా వచ్చింది. ముందు చల్లదనం తెలిసింది, ఫ్యాను గాలి తగులుతోందని తెలిసింది, ఆ తర్వాతే నొప్పి. ఈ వరస నాకు గుర్తుండిపోయింది, ఎందుకో తర్వాత చెప్తాను.

వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. గాయం మానింది. కానీ రోజంతా ట్యాబ్ చూస్తే కళ్లు మండుతున్నాయని చెప్పాను, అప్పుడు కన్నీళ్ల పరీక్ష చేశారు. రెండు కళ్లలోనూ మత్తు చుక్కలు వేసి, సన్నటి కాగితపు పట్టీని కింది రెప్పకు తగిలించి ఐదు నిమిషాలు ఉంచుతారు, కన్నీటితో పట్టీ ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో కొలుస్తారు. 1903లో షిర్మర్ అనే జర్మన్ డాక్టరు పెట్టిన పరీక్ష, ఇప్పటికీ ఆయన పేరే. మత్తు లేకుండా చేస్తే కాగితం గుచ్చుకుని వచ్చే నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి, మత్తు వేసి చేస్తే ఆ గుచ్చుడు నీళ్లు తగ్గి మామూలు తడి ఎంతో తెలుస్తుంది. అంటే మత్తు వేస్తే కన్నీరు కూడా తగ్గుతుందన్నమాట.

పరీక్ష అయ్యాక బయట కూర్చున్నప్పుడు తమ్ముడు ఫోన్‌లో వీడియో తీశాడు, అమ్మకు వాట్సాప్‌లో పంపడానికి, అక్క కన్ను బాగైంది చూడు అని. రెండు నిమిషాల వీడియో. ఇంటికి వచ్చాక అమ్మ అది చూసి, "ఇదేందే గట్ల గుడ్లప్పగించి చూస్తున్నవ్, బొమ్మ లెక్క?" అంది. అప్పుడు నేను మళ్లీ చూశాను. నిజమే. మాట్లాడుతున్నాను, నవ్వుతున్నాను, రెప్పలు మాత్రం ఎప్పుడో ఒకసారి పడుతున్నాయి. లెక్కపెట్టాను, రెండు నిమిషాల్లో పదకొండు. అదే ఫోన్‌లో, చిన్నమ్మ కూతురి పెళ్లిలో నేను మాట్లాడిన వీడియో ఉంది, అందులో ఒక్క నిమిషానికే ఇరవైకి పైన. ఒక మనిషి, రెండు వీడియోలు, దీనితో సైన్సు రుజువు కాదని నాకు తెలుసు, నేను బీఎస్సీ బీజెడ్సీ చదివిన దాన్నే. కానీ ప్రశ్న మాత్రం బుర్రలోంచి పోలేదు. రెప్ప వేయమని చెప్పేది ఎవరు? కన్నా, మెదడా? కన్ను ఎండిపోతోందని కబురు పంపితే రెప్ప పడుతుందా, లేక గుండె కొట్టుకున్నట్టు దాని పాటికి అది లోపలినుంచి వస్తుందా?

ఈ ప్రశ్నకు వందేళ్ల చరిత్ర ఉందని వెతికితే తెలిసింది.

ముందు ఈ మత్తు చుక్క సంగతి. 1884 దాకా కంటి ఆపరేషన్ అంటే చాలావరకు మనిషిని గట్టిగా పట్టుకుని కోయడమే. వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు కొకైన్ ద్రావణాన్ని ముందు కప్ప కంట్లో వేసి చూశాడు, తర్వాత కుందేలు, కుక్క, ఆ తర్వాత తన కంట్లోనే వేసుకుని గుండుసూది తలతో నల్లగుడ్డును తాకాడు. ఏమీ తెలియలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభ జరిగింది, కోలర్ దగ్గర అక్కడికి వెళ్లడానికి డబ్బు లేక అతని కాగితాన్ని ఇంకొకాయన చదివి వినిపించాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ప్రపంచం మొత్తానికి నొప్పి లేని కంటి ఆపరేషన్ ఇచ్చిన మనిషికి రైలు ఖర్చులు లేవు. ఇప్పుడు కొకైన్ వాడరు, మన దగ్గర ఎక్కువగా ప్రోపారకైన్ వాడతారు, అర నిమిషంలో పట్టుకుంటుంది, పావుగంట ఇరవై నిమిషాలు ఉంటుంది. నరంలోకి సోడియం వెళ్లే దారులను అది మూసేస్తుంది, దారి మూసుకుంటే కబురు పుట్టదు, కబురు లేకపోతే మెదడుకు ఆ కన్ను లేనట్టే.

1927లో స్కాట్లాండ్‌లో పాండర్, కెనెడీ అనే ఇద్దరు సరిగ్గా నా ప్రశ్ననే పట్టుకున్నారు. కంటికి కొకైన్ మత్తు ఇచ్చి రెప్పలు లెక్కపెట్టారు, పెద్ద తేడా రాలేదన్నారు. అందుకని కంటి తడికీ రెప్పకూ సంబంధం లేదు, రెప్పను ఆడించేది మెదడే, మనసులో ఎంత ఒత్తిడి ఉంటే రెప్ప అంత ఎక్కువ పడుతుంది అని తేల్చారు. ఈ మాట చాలా ఏళ్లు నిలబడింది. ఆ తర్వాత వచ్చినవాళ్లు మంచి మత్తు చుక్కలతో, వీడియో పెట్టి జాగ్రత్తగా లెక్కించి చూస్తే వేరే జవాబు వచ్చింది. 2005లో గ్లాస్గో నుంచి వచ్చిన పరిశోధన ఒకటి నేను చదివాను, కంటి పైపొరకు మత్తిస్తే ఏ కారణం లేకుండా వాటంతటవే పడే రెప్పలు తగ్గుతాయని అందులో స్పష్టంగా ఉంది. తగ్గుతాయి, కానీ ఆగిపోవు. నాకు అన్నింటికంటే నచ్చింది ఈ రెండో మాటే. పూర్తిగా కన్నే అడిగి రెప్ప వేయించుకునేదైతే మత్తులో ఒక్కటీ పడకూడదు. పూర్తిగా మెదడు ఇష్టమే అయితే ఒక్కటీ తగ్గకూడదు. రెండూ కాలేదు.

నాకు అర్థమైనంతలో చెప్తాను. మన నల్లగుడ్డు మీద ఉన్నంత దట్టంగా నరాల కొసలు ఒంట్లో ఇంకెక్కడా దాదాపు లేవు, చర్మంతో పోలిస్తే కొన్ని వందల రెట్లు ఎక్కువంటారు. అందుకే అంత చిన్న పొట్టుకు అంత నొప్పి. ఆ నరాలన్నీ ఒకటే పని చేయవు. కొన్ని గుచ్చుకుంటే అరుస్తాయి, కొన్ని మంటకు, కారానికి, పుల్లదనానికి అరుస్తాయి, ఇంకొన్ని ఉన్నాయి, వాటి పని చల్లదనం పసిగట్టడం. కంటి మీద కన్నీటి పొర పల్చగా పరుచుకుని ఉంటుంది, పైన కాస్త నూనె, కింద నీరు, జిగురు. రెప్ప తెరిచినప్పటినుంచీ ఆ నీరు కొద్దికొద్దిగా ఆవిరవుతుంది, ఆవిరైతే చల్లబడుతుంది, కుండలో నీళ్లు చల్లబడేది ఇందుకే. మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది. డిగ్రీలో చిన్న భాగం చల్లబడినా ఆ నరాలకు తెలిసిపోతుంది, అవి మెదడుకు నిమ్మళంగా కబురు పంపుతూనే ఉంటాయి. నొప్పి కాదు అది, మనకు తెలియను కూడా తెలియదు. ఆ కబురుతోనే కన్నీరు ఊరుతుంది, రెప్ప పడుతుంది, పొర మళ్లీ కొత్తగా పరుచుకుంటుంది. 2010లో ఎలుకల మీద చేసిన పనిలో, చల్లదనం పసిగట్టే ఆ ఒక్క ప్రోటీన్ లేకుండా చేస్తే మామూలుగా ఊరే కన్నీరు తగ్గిపోయింది.

బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు ముందు ఫ్యాను గాలి చల్లగా తగలడం తెలిసిందని పైన రాశాను కదా. అది చదివాక అర్థమైంది, ఎప్పుడూ ఉన్నా గుర్తించని ఆ చిన్న కబురు ఆ రోజు పోయి తిరిగొచ్చింది కాబట్టే నాకు తెలిసింది.

ఇక కబురు పోయే దారి. కంటినుంచి పోయేది ముఖానికంతా స్పర్శ తెచ్చే ఐదో నరం, రెప్పను మూసే ఆజ్ఞ తెచ్చేది ఏడో నరం, మళ్లీ పైకి ఎత్తేది మూడో నరం. అందుకే డాక్టర్లు స్పృహ లేని మనిషి కంటిని దూది పోగుతో తాకి చూస్తారు, ఒక కన్ను తాకితే రెండు రెప్పలూ పడాలి. మత్తు వేసిన కంటికి ఈ తాకిడి రెప్ప పూర్తిగా పోతుంది, అది అర్థం చేసుకోవడం తేలిక. వింత ఏమిటంటే ఎవరూ తాకకుండా, ఏదీ పడకుండా, మాట్లాడుతూ కూర్చున్నప్పుడు ఊరికే పడే రెప్పలు కూడా తగ్గుతాయి. అంటే ఊరికే పడేవని మనం అనుకునే రెప్పల్లో కొన్ని ఊరికే పడటం లేదు, కన్ను అడిగితే పడుతున్నాయి. మిగిలినవి మెదడు తన లెక్క ప్రకారం వేస్తోంది.

మెదడు లెక్క కూడా చిన్నది కాదు. 1997లో ఇటలీలో 150 మందిని చూశారు, ఊరికే కూర్చుంటే నిమిషానికి సగటున 17 రెప్పలు, మాట్లాడుతుంటే 26, చదువుతుంటే నాలుగున్నర. మూడు సార్లూ మనుషులు వాళ్లే, మారింది మనసు చేసే పని. ముఖ్యమైనది చూస్తున్నప్పుడు మెదడు రెప్పను ఆపి పెడుతుంది, ఎందుకంటే రెప్ప పడిన ప్రతిసారీ సెకనులో పదోవంతో, మూడోవంతో చూపు పోతుంది. చంటిపిల్లలు నిమిషానికి రెండు మూడు సార్లే రెప్ప వేస్తారు, పార్కిన్సన్ జబ్బు వచ్చినవాళ్లకు రెప్పలు తగ్గుతాయి, మా తాతకు ఆ జబ్బు ఉన్నప్పుడు ఆయన చూపు అంత నిశ్చలంగా ఎందుకు ఉండేదో నాకు ఇప్పుడు తెలిసింది. మేం ఆయన కోపంగా చూస్తున్నాడనుకునేవాళ్లం.

ఈ లెక్కలన్నీ చదివాక ఇంట్లో అందరి రెప్పలూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతుంటే మూడు నిమిషాలు కూర్చుని చూశాను. వేళ్లు కదులుతున్నాయి, కళ్లు కదలడం లేదు. చాట ఒకసారి చెరిగి రాళ్లు పక్కకు తోసినప్పుడు ఒక రెప్ప, కొత్త గుప్పెడు పరిచేముందు ఒక రెప్ప. పని మధ్యలో పడదు, పనికీ పనికీ మధ్య పడుతుంది. "నా మొకంల ఏం గనవడుతున్నదే?" అంది. పోచంపల్లిలో మగ్గం మీద కూర్చునే మా పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసి అడిగాను, ముందే రంగులద్దిన పోగులు గీతకు గీత కలవాలి కాబట్టి చూపు తిప్పడానికి లేదు, సాయంత్రానికి కళ్లల్లో ఇసుక పోసినట్టు ఉంటుందన్నాడు. నాకు ట్యాబ్‌తో వచ్చిన మంటా ఇదే. మత్తు కంటికి ఇచ్చినా, ధ్యాస పనికి ఇచ్చినా, చివరికి రెప్ప తగ్గుతుంది, పొర ఆరిపోతుంది. తేడా ఒక్కటే, ధ్యాసలో ఉన్నప్పుడు కన్ను అడుగుతూనే ఉంటుంది, ఆలస్యంగానైనా మంట పుట్టించి వినిపించుకుంటుంది. మత్తులో ఉన్న కన్ను అడగదు.

నాయనమ్మకు ఇదంతా చెప్తే ఆమె వేరే దారిలో వచ్చింది. దేవతలకు రెప్ప పడదు కదా, అందుకే వాళ్లను అనిమిషులంటారు అంది. నలదమయంతుల కథలో స్వయంవరానికి నలుడి రూపంలోనే నలుగురు దేవతలు వచ్చి కూర్చుంటారు, ఐదుగురిలో అసలు నలుడెవరో దమయంతికి తెలియదు. చివరికి ఎలా పట్టుకుందంటే, చెమట పట్టినవాడు, దండ వాడినవాడు, కాళ్లు నేలకు ఆనినవాడు, రెప్ప పడినవాడు మనిషి. చిన్నప్పటినుంచీ విన్న కథే, కానీ కంట్లో మత్తు దిగిన తర్వాత విన్నప్పుడు వేరేగా అనిపించింది. మన నిమిషం అనే మాట కూడా మొదట రెప్పపాటే. గడియారం రాకముందు కాలాన్ని రెప్పతో కొలిచారు. రోజుకు పదహారు గంటలు మెలకువ అనుకుంటే, నిమిషానికి పదిహేను చొప్పున 14,400 రెప్పలు.

ఇప్పుడు అసలు విషయం, దీనికోసమే ఇంత రాశాను.

మా తమ్ముడికి వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీలు, ట్రాలీలు చేస్తాడు. అద్దం పట్టుకుని చేయరా అంటే, టాక్, అంటే చిన్న అతుకు, వేసేటప్పుడు ఒక చేత్తో పట్టుకోవాలి, ఒక చేత్తో కొట్టాలి, అద్దం ఎవరు పట్టుకుంటారక్కా అంటాడు. సాయంత్రం బాగానే ఉంటాడు, అర్ధరాత్రి లేచి కళ్లు మండుతున్నాయని కూర్చుంటాడు. వెల్డింగ్ వెలుగులో కంటికి కనపడని కిరణాలు నల్లగుడ్డు పైపొరను కాల్చేస్తాయి, మంట వెంటనే రాదు, ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత వస్తుంది. ఆలుగడ్డ ముక్కలు, దోసకాయ ముక్కలు, తడిగుడ్డ, అందరూ చేసేవే చేసేవాడు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో పైపొర దానంతట అదే కొత్తగా వస్తుంది.

నా కన్ను బాగైన పదిహేను రోజులకు వాడి షాపులో, పెట్టె పైన, ఎలక్ట్రోడ్ల కట్ట పక్కన చిన్న సీసా చూశాను. మూత మీద వెల్డింగ్ మసి, సగం ఖాళీ. పేరు చదివితే డాక్టరు నా కంట్లో వేసిన మందే. ఏందిరా ఇది అంటే, "నీకు వేసినప్పుడు రెండు నిమిషాల్ల నొప్పి పోయింది గదా అక్కా, నేను చూసిన. మెడికల్ షాపుల అడిగితే ఇచ్చిండు. రాత్రి రెండు చుక్కలు ఏసుకుంటే హాయిగ నిద్ర పడుతది" అన్నాడు. చీటీ లేదు, డాక్టరు లేడు. షాపతను ఏమీ అడగలేదట. పక్క షాపు కుర్రాడికి కూడా వీడే ఇచ్చాడు.

నా చేతులు వణికాయి. ఎందుకంటే అప్పటికి నేను చదివి ఉన్నాను. ఈ మందు డాక్టరు దగ్గర ఒకటి రెండు చుక్కలు వేస్తే దేవుడిచ్చిన వరం. ఇంటికి తెచ్చుకుని రోజూ వేసుకుంటే కన్ను పోయే ప్రమాదం ఉంది. పైపొర కొత్త కణాలు ఒకదాని పక్కన ఒకటి జరిగి గాయాన్ని మూయాలి, ఈ మందు ఆ కణాలనే దెబ్బతీస్తుంది, మానాల్సిన గాయం మానదు. మానదు కాబట్టి నొప్పి తిరిగి వస్తుంది, వస్తే మళ్లీ చుక్క, మొదట ఆరు గంటలకోసారి, తర్వాత గంటకోసారి. ఈలోగా రెప్ప తగ్గింది, కన్నీరు తగ్గింది, పొర ఆరిపోయింది, నలక పడినా తెలియదు, చీము పట్టినా తెలియదు. నల్లగుడ్డు మీద తెల్లటి వలయం కమ్ముతుంది, పుండవుతుంది, కొందరికి చిల్లు కూడా పడుతుంది. అసలు నరాలే చెడిపోయిన కళ్లకు ఏమవుతుందో డాక్టర్లకు బాగా తెలుసు, సర్పి వచ్చిన కళ్లు, చాలా ఏళ్లు షుగరు ఉన్న కళ్లు, స్పర్శ పోయి నొప్పి లేకుండానే పుండ్లు పడతాయి. నరాలు బతికి ఉండగా మనమే రోజూ వాటి నోరు మూసి ఆ జబ్బు తెచ్చుకోవడం ఇది.

కొకైన్ రోజుల్లోనే ఇది కనిపించిందట, మత్తిచ్చిన కన్నును తెరిచి వదిలేస్తే నల్లగుడ్డు ఆరి మసకబారేది, అందుకే రెప్ప మూసి ఉంచేవాళ్లు.

తమ్ముడికి ఇవన్నీ చెప్పాను. వినలేదు. "మంట నాకు గదా, నీకేం తెలుసు" అన్నాడు. తప్పు పట్టలేను, పొద్దున ఎనిమిదింటికి షాపు తీయాలి, నిద్ర లేకపోతే చేయి కాలుతుంది. అప్పుడు వాడు తీసిన వీడియోనే వాడికి చూపించాను. "ఇందులో నా రెప్పలు లెక్కపెట్టరా" అన్నాను. వాడు బండి సీటు మీద కూర్చుని పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పదకొండు. పెళ్లి వీడియో చూపించాను. అది ఇంకా ఒక నిమిషం దాటకుండానే ఆపేశాడు. కాసేపు ఏమీ అనలేదు. "నేను రాత్రి పండుకునేముందు ఏసుకుంటున్న గదా, అప్పుడు కన్ను మూసే ఉంటది" అన్నాడు. నిద్రలో రెప్పలు మూసి ఉంటాయి నిజమే, కానీ కణాలకు పగలూ రాత్రీ లేదు, మందు రాత్రి కూడా వాటిని దెబ్బతీస్తుంది, పైగా పక్క షాపు కుర్రాడు పగలు కూడా వేసుకుంటున్నాడని వాడే చెప్పాడు.

మర్నాడు ఆ ఇద్దరినీ నల్లగొండ తీసుకెళ్లాను. తమ్ముడికి పైపొర మీద చుక్కలు చుక్కలుగా గాయాలు, అంతే, మానిపోయాయి. కుర్రాడికి కాస్త లోతుగా ఉంది, హైదరాబాద్ వెళ్లమన్నారు, నెల పట్టింది, చూపు దక్కింది. డాక్టరు ఇద్దరికీ నొప్పికి మింగే మాత్రలు, ఇన్ఫెక్షన్ రాకుండా చుక్కలు, తడికి కన్నీటి చుక్కలు రాశారు. మత్తు చుక్కలు ఆయన గది దాటి బయటికి రావని గట్టిగా చెప్పారు. నా నలక సంగతి గుర్తుచేసి, వడ్ల పొట్టు, గడ్డి, ఆకు ఏది గుచ్చుకున్నా ఫంగస్ వచ్చే ప్రమాదం ఉంటుంది, కొంగులు, నాలుకలు, పసర్లు వద్దు, మంచి నీళ్లతో కడిగి నేరుగా రమ్మన్నారు. అమ్మకు ఇది చెప్పడం కష్టమైంది. కొంగు ఆవిరి నొప్పి తగ్గిస్తుందన్నది ఆమె నమ్మకం మాత్రమే కాదు, అది ఆమె ప్రేమ.

మీ ఇంట్లో, మీ గల్లీలో వెల్డింగ్ చేసేవాళ్లుంటే ఒకసారి వాళ్ల పెట్టె పైన చూడండి. సీసా మీద చివర 'కైన్' అని ఉండే పేరు ఏదైనా కనిపిస్తే అది చాలావరకు మత్తు చుక్కే, ప్రోపారకైన్, టెట్రాకైన్, లిగ్నోకైన్. వెంటనే ఆపించి కంటి డాక్టరుకు చూపించండి. లేజర్‌తో కళ్లద్దాలు తీయించుకున్నవాళ్లకు కూడా కొన్ని నెలలు కళ్లు పొడిబారడం ఉంటుంది, అక్కడ నరాలు తెగి మళ్లీ పెరగాలి, అందుకే కన్ను తక్కువ అడుగుతుంది, వాళ్లకు డాక్టర్లు కన్నీటి చుక్కలు ముందే ఇస్తారు. అవి వేరు, ఇవి వేరు. రెండూ చిన్న సీసాలే కాబట్టి ఇంట్లోవాళ్లు కలిపేసుకోకండి.

తమ్ముడు ఇప్పుడు తలకు తగిలించుకునే వెల్డింగ్ హెల్మెట్ కొన్నాడు, తల ఆడిస్తే అద్దం కిందికి దిగుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఈ వానాకాలం వడ్లకు మా కేంద్రంలో తాలు మిషన్ దగ్గర నిలబడేవాళ్లకు సంఘం డబ్బుతో కళ్లద్దాలు కొనాలని తీర్మానం రాశాం. నేను ట్యాబ్ పక్కన ఒక చిన్న కాగితం అంటించుకున్నాను, ప్రతి పది మంది రైతుల పేర్లకు ఒకసారి తల ఎత్తి, రెండు సార్లు పూర్తిగా, కింది రెప్పకు తగిలేలా కళ్లు మూసి తెరుస్తాను. మొన్న లైన్‌లో ఉన్న ఒక పెద్దాయన, "ఏంది బిడ్డా, నిద్రస్తున్నదా?" అన్నాడు. లేదు తాతా, కళ్లు తడుపుకుంటున్నా అన్నాను. "మరి నావీ తడుపుకోమంటవా?" అని ఆయన కూడా వడ్ల రాశి పక్కన నిలబడి, రెండు కళ్లూ గట్టిగా మూసి తెరిచాడు.